అభిరుచియు అభిప్రాయమును

సంగీతమును గూర్చియు భోజనమును గూర్చియు తీర్పు చెప్పజాలనివాడు మనలో లేడు; ఈ నడుమ మార్కెటింగు పుస్తకములును ఆ వరుసలో చేరినవి. గుంటూరు గోంగూర పచ్చడిలోని కారము ఒకనికి ప్రాణము, వేరొకనికి ప్రాణాంతకము, ఇరువురును సత్యవాదులే. అయినను తోడిరాగము తనకు రుచింపలేదనుట వేరు, గాయకుడు అందలి గాంధారమును తగినట్లు కంపింపజేయలేదనుట వేరు. మొదటిది చెప్పువాని స్వభావమును మాత్రమే తెలుపగా, రెండవది వినువాడు తన చెవితో పరీక్షించి ఒప్పుకొనుటకో కాదనుటకో వీలైన విషయమును చూపును. 1967లో వెలువడిన ఫిలిప్ కోట్లర్ ‘మార్కెటింగ్ మేనేజ్‌మెంట్’ విద్యార్థులకై వ్రాసిన పాఠ్యగ్రంథము. దానిని చదివియు కిరాణా అంగడిలో బేరము పెరుగలేదని నిందించుట, పాకశాస్త్రము చదివియు కడుపు నిండలేదనుట వంటిది.

ఇంటర్నెట్టు వచ్చిన పిదప అభిప్రాయమే అమ్మకపు సరుకైనది. ధనమో, కానుకయో, ఉచిత భోజనమో పుచ్చుకొని ఒక వస్తువును ప్రశంసించువారు ఆ సంబంధమును స్పష్టముగా వెల్లడింపవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకములు ప్రకటించినది. అంతకు రెండు నెలల ముందే ఆన్‌లైన్ సమీక్షలకై ఐఎస్ 19000 అను భారతీయ ప్రమాణము వెలువడినది, కాని నాటికి అది ఐచ్ఛికమే. పాఠకులారా, హోటలు పొగడ్త చదువునప్పుడు, ఆ భోజనపు బిల్లు ఎవరు చెల్లించిరో ముందుగా విచారింపుడు.