బరువులేని తాడు బాయిలో పనికొస్తుందా?

ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. కప్పీ మీదుగా తాడు, రెండు కొసలకూ రెండు బరువులు. మొదట్లోనే షరతులు: తాడుకు బరువు లేదు, అది సాగదు, కప్పీకి ఘర్షణ లేదు. ‘ఇలాంటి తాడు ఏ షాపులో దొరుకుతుంది సార్?’ అని వెనక బెంచీ అడిగితే క్లాసంతా నవ్వుతుంది. నిజానికి అడగాల్సిన ప్రశ్నే అది.

సింగరేణి ఇంక్లయిన్ గనుల్లో బొగ్గు టబ్బుల్ని హాలేజ్ ఇంజిన్ ఉక్కు రోప్‌తో పైకి లాగేది. 25 మిల్లీమీటర్ల మందం రోప్ మీటరుకు దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది. అంటే కిలోమీటరు రోప్ రెండున్నర టన్నులు! ఒక టబ్బులో పట్టే బొగ్గే టన్ను అటూఇటూ. ఇంటి చేదబావిలో తాడు బరువు వదిలేస్తే నష్టం లేదు, ఇక్కడ వదిలేస్తే మాత్రం ఇంజిన్ లెక్కే తప్పుతుంది.

దీనికంటే పెద్ద ఊహ ఒకటి బాయి లోపల ఉంది. మందమర్రి కల్యాణిఖని (కేకే) గనుల కుటుంబాల్లో పిల్లర్ అంటే తెలియనివాళ్లుండరు. అడ్డంగా, నిలువుగా గ్యాలరీలు తవ్వుతూ మధ్యలో వదిలే బొగ్గు దిమ్మే పిల్లర్. పైకప్పును మోసేది అదే. ఎంత మోస్తుంది? ఇంజినీర్ల సులువు లెక్క ఇది: ప్రతి పిల్లరూ తన వాటా నేలను మాత్రమే మోస్తుంది, అదీ అంతటా సమానంగా.

లోతు 200 మీటర్లు అనుకుందాం. రాయి ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు. అంటే తవ్వకముందు చదరపు మీటరు మీద 500 టన్నులు. పిల్లర్ల మధ్య బిందువుల దూరం 30 మీటర్లు, గ్యాలరీ వెడల్పు 4 మీటర్లు అయితే, మిగిలిన 26 మీటర్ల చదరపు పిల్లర్ మీద అది 666 టన్నులవుతుంది. గ్యాలరీని 4.8 మీటర్లకు పెంచితే 709. పెరిగింది 80 సెంటీమీటర్లే!

ఈ ఊహ నిజం కాదని అందరికీ తెలుసు. పిల్లర్ అంచులు పెచ్చులూడతాయి, అప్పుడు లోపలి భాగం ఎక్కువ మోస్తుంది. చుట్టూ తవ్వని బొగ్గు ఉంటే కొంత బరువు అటు పోతుంది. అంటే లెక్కలో వచ్చినదానికంటే అసలు భారం తక్కువే. తప్పినా మన మంచికే తప్పింది కాబట్టి ఇంజినీర్లు దాన్ని వదులుకోలేదు.

కానీ డీపిల్లరింగ్ మొదలయ్యాక కథ తిరగబడుతుంది. పిల్లర్లు తీసేసిన ఖాళీ, అదే గోఫ్, మీది కప్పు వెంటనే కూలకుండా వేలాడితే ఆ బరువంతా ముందున్న పిల్లర్ల మీదికి వస్తుంది. ‘ఎవరి వాటా వాళ్లది’ అన్న ఊహ అక్కడ చెల్లదు. అక్కడ అదే లెక్క భారాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో ఒక పిల్లర్ బరువు పక్కదాని మీద, దాని బరువు ఆ పక్కదాని మీద పడి వరసగా కూలాయి. 435 మంది చనిపోయారు. ఆ తర్వాత సాలమన్, మన్రో అనే ఇద్దరు 98 నిలిచిన కేసులు, 27 కూలిన కేసులు పక్కపక్కన పెట్టి 1967లో పిల్లర్ బలానికి సూత్రం ఇచ్చారు. భారం కట్టడానికి వాళ్లు వాడింది కూడా ఆ పాత ‘వాటా’ ఊహనే. ఎంత తప్పుతుందో కూలిన గనులే చెప్పాయి కాబట్టి, బలం భారానికి 1.6 రెట్లు ఉండాలన్నారు.

ఇప్పుడు గనుల్లో కప్పు దిగడాన్ని, భారాన్ని కొలిచే పరికరాలున్నాయి. అయినా పనిలోకి దిగేముందు కడ్డీతో కప్పును తట్టి వినడం మానలేదు. గట్టి రాయైతే ఖంగుమంటుంది, పొర విడిపోతే డొల్లగా మోగుతుంది.