కాలువకట్టపై సైకిలు ప్రయాణము

రాయలసీమ యనగానే ఎండ, బండరాయి, కరవు అను మూడును ముందుగా తలపునకు వచ్చుట మనకు వాడుకైనది. అట్టి సీమలో పారు నీటి ప్రక్కన, మోటారు రొద చెవి సోకకుండ, మైళ్ళకొలది సైకిలుపై పోవచ్చునని చెప్పినచో వినువారు కొందరు నమ్మకపోవచ్చును. నందికొట్కూరు పరిసరములలోని వారికి మాత్ర మిందు వింత యేమియు లేదు. వారి పొలముల నడుమ కర్నూలు–కడప కాలువ పారుచున్నది. జనుల వాడుకలో అది కె.సి. కాలువ. దాని కట్టయే మేము చెప్పదలచిన బాట.

కర్నూలునుండి నందికొట్కూరు, ఆత్మకూరుల మీదుగా దోర్నాలకు పోవు మార్గము నేడు 340సి అను సంఖ్యగల జాతీయ రహదారి. దానిపై సైకిలువాడు ఎల్లప్పుడు అంచునే పట్టుకొని, వెనుకనుండి వచ్చు లారీ మ్రోతకు చెవి యొగ్గి సాగవలసినదే. ఆ రహదారిని విడిచి పొలములలోనికి దిగి కాలువకట్ట నెక్కినచో అది వేరొక లోకము. ఈ రెండు బాటలకును ఇంత భేద మెట్లు కలిగినదో తెలియవలెనన్నచో ముందుగా కాలువ పుట్టుకను గూర్చి కొంత చెప్పవలెను.

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేయించిన సర్ ఆర్థర్ కాటన్ ఆ విజయముతో తృప్తి చెందలేదు. దేశమునందలి నదుల నన్నిటిని కాలువలతో కలిపి, సాగునకును పడవల రాకపోకలకును ఉపయోగింపవలెనని ఆయన వాదించెను. ఆ యుత్సాహ కాలముననే మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యేర్పడినది. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. తుంగభద్రను తూర్పు సముద్రతీరముతో కలుపవలెనని తొలుత పెద్ద సంకల్పమే యుండెను. తుదకు దక్కినది సుంకేసుల ఆనకట్టనుండి కడప వరకు సుమారు 190 మైళ్ళు, అనగా 300 కిలోమీటర్లకు పైబడిన కాలువ. 1860 దశకమున త్రవ్వకము సాగినది.

కంపెనీకి లాభము రాలేదు. అందులకు కారణము నల్లరేగడి. ఆ నేల తడిని చాలకాలము పట్టియుంచును. ఒక మోస్తరు వానలకే జొన్నయు ప్రత్తియు పండుచుండగా డబ్బు చెల్లించి నీరు తీసికొనుటకు రైతు ముందుకు రాలేదు. 1876–78 నాటి గొప్ప కరవులో మాత్రము ఆ నీటి విలువ అందరికిని తెలిసినది. 1882లో ప్రభుత్వము కాలువను కంపెనీనుండి కొని తన స్వాధీనము చేసికొనెను. రైలు వచ్చిన పిదప పడవలును క్రమముగా మాయమైనవి. పడవలు పోయినను, పడవలకై యేర్పడిన లక్షణములు కాలువను విడువలేదు. సైకిలు త్రొక్కువానికి దక్కిన మేలు అదియే.

పడవ నడచు కాలువలో నీరు వడిగా పారరాదు. వడి హెచ్చినచో ఎదురు పోవు పడవను లాగుట దుస్సాధ్యము. కావున కాలువకు వాలు చాల తక్కువగా పెట్టుదురు. ఇట్టి కాలువలలో అది మైలుకు ఒకటి రెండు అడుగులకు మించకుండుట సామాన్యము. ఇంగ్లండులో గుఱ్ఱములును, మన గోదావరి కాలువలపై మనుష్యులును కట్టమీద నడచుచు త్రాటితో పడవలను లాగెడివారు. అందుచేత పడవల కాలువకు నీటి ప్రక్కనే ఎడతెగని నడకదారి యుండవలెను. ఆ దారి నీటితో పాటు సమముగా సాగవలెను.

కర్నూలు సముద్రమట్టమునకు సుమారు 270 మీటర్ల ఎత్తున నున్నది. కడప ఎత్తు సుమారు 140 మీటర్లు. ఇంత పల్లము నడుమ నుండగా కాలువ సమముగా నుండుట యెట్లు? మేడమెట్ల నూహించుకొన్నచో ఇది తేటపడును. మెట్టుపై నడచునపుడు సమతలమే. దిగుట యంతయు మెట్టునకు మెట్టునకు నడుమనే జరుగును. కాలువలో ఆ దిగుడు స్థానములే లాకులు, డ్రాపులు. వాటి నడుమ సైకిలు ఎగువకు పోవుచున్నదో దిగువకు పోవుచున్నదో కాళ్ళకు తెలియనే తెలియదు. కాలువ మిట్టలను ఎక్కలేదు గనుక వాటిని చుట్టి వంకరలు తిరిగి పోవును. కట్టయు అట్లే తిరుగును. దూరము కొంత పెరిగినను ఎక్కుడు శ్రమ తప్పును.

ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లలో సైతము కాలువ జాడ కలదు. జూపాడు బంగ్లా అను పేరులో బంగళా యున్నది. లాకిన్సుల అను పేరులో లాకు అను మాట స్పష్టముగా వినవచ్చుచున్నది.

ఇక సైకిలు సంగతి. గంటకు మూడు మైళ్ళు నడచునంత శ్రమతోనే సమమైన నేలపై తొమ్మిది పది మైళ్ళు సైకిలుపై పోవచ్చును. ఆ పైన వేగమునకు అడ్డు తగులునది ముఖ్యముగా గాలి. వేగము రెండింతలైనచో గాలి యొత్తిడి నాలుగింతలగును. ఆషాఢ శ్రావణములలో సీమ మైదానములపై పడమటి గాలి మిక్కిలి బలముగా వీచును. అపుడు బయలుదేరువారు ముందుగా గాలి కెదురుగా పోయి, అలసిన పిదప గాలివాటున తిరిగివచ్చుట మేలు. అయినను ప్రయాణమునకు అనువైన కాలము మార్గశిరమునుండి మాఘము వరకే. అపుడు ప్రొద్దుట చలి యుండును, పైరు పచ్చగా నుండును. నీరు విడిచిన యేట కాలువయు నిండుగా కనిపించును. తుంగభద్ర నీరు చాలనపుడు ముచ్చుమర్రి ఎత్తిపోతల పథకమువలన శ్రీశైలము జలాశయపు నీరు గూడ ఈ కాలువకు అందుచున్నది.

కట్టకు ఒక ప్రక్క తడి, మరియొక ప్రక్క మెట్ట. కాలువ క్రింద వరిమళ్ళు, ఎగువన శనగ, జొన్న, మిరప. కొంగలు మడినుండి మడికి ఎగురుచుండును. ఊరు సమీపించినచో మట్టిమిద్దెలు, నాపరాతి అరుగులు, రేవున బట్టలుతుకు చప్పుడు. ఎదురుపడువారు పాలక్యానులు తగిలించుకొని పోవువారు, మడికి నీరు పెట్టబోవు రైతులు, బడిపిల్లలు, తూములను కనిపెట్టి యుండు లస్కరులు. వీరెవ్వరును విహారమునకు వచ్చినవారు కారు. ఈ బాట వారి నిత్యజీవనములోనిది. నగరమునుండి వచ్చినవారు దీనిని మరువరాదు. ఎదురైన పెద్దలకు దారి యిచ్చి, పశువులు దాటువరకు నిలిచి, ముందుకు సాగుట మర్యాద.

ఓపిక యున్నవారు కట్టను విడిచి మిడుతూరు వైపు పోయి అలగనూరు జలాశయమును, రోళ్ళపాడు గడ్డిమైదానమును చూడవచ్చును. 1988లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఆ మైదానము బట్టమేకపిట్టకు ప్రసిద్ధి చెందినది. ఆ పక్షి ఇటీవలి యేండ్లలో అచ్చట దాదాపు కనుమరుగైనది. కృష్ణజింకలు మాత్రము నేటికిని కలవు.

బాటలోని చిక్కులను గూడ చెప్పవలెను. కట్ట అన్ని చోట్ల ఒకే తీరున నుండదు. గరుసు పరచిన చోట చక్కగా నుండును. రేగడి పైకి తేలిన చోట వాన కురిసిన రెండు మూడు దినముల వరకు పోరాదు. ఆ బురద చక్రమునకును మడ్గార్డునకును నడుమ గట్టిగా పట్టుకొనును. బండిని త్రొక్కుట మాట యటుండగా నెట్టుట గూడ కష్టమగును. వేసవిలో పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ట్యూబులకు శత్రువులు. పంక్చరు సామానులు, గాలిపంపు, త్రాగు నీరు వెంట నుండవలెను. కాలువ నీటిని త్రాగరాదు. చీకటి పడకమునుపే ఊరు చేరవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరియొకటి. జపాను ఋణసహాయముతో జరిగిన ఆధునికీకరణములో కాలువకు సిమెంటు లైనింగు చేసిరి. దానివలన నీరు ఇంకిపోవుట తగ్గి చివరి ఆయకట్టుకు మేలు కలుగును. కాని మట్టిగట్టు వలె సిమెంటు వాలుపై కాలు నిలువదు. నాచు పట్టినచో మరింత జారును. పడినవానికి ఈత వచ్చినను, పట్టు దొరకక పైకి రాలేకపోవచ్చును. కావున పిల్లలు అంచున బండి నడపరాదు. మెట్లు లేని చోట నీటిలోనికి దిగనే దిగరాదు.

పడవలు పోయిన పిదప ఇట్టి బాటలను ఇతర దేశములవారు ఏమి చేసిరి? ఫ్రాన్సులో 1681లో తెరచిన సుమారు 240 కిలోమీటర్ల మిడి కాలువ ప్రక్కను, ఇంగ్లండులోని పెక్కు పాత కాలువల ప్రక్కను ఉన్న లాగుడు దారులపై నేడు జనులు నడచుచున్నారు, సైకిళ్ళపై పోవుచున్నారు. పలుచోట్ల వారు చేసినది స్వల్పమే. గుంటలు పూడ్చిరి, చెట్లను కాపాడిరి, పెద్ద వాహనములు జొరబడకుండ దారి మొదట అడ్డుకమ్మీలు నాటిరి.

మన కట్టకు గూడ కావలసిన దింతే. ఇచ్చట కట్ట కాలువ తనిఖీకి, కోత బండ్లకు, ట్రాక్టర్లకు అవసరము. వాటిని వలదనుట న్యాయము గాదు. కాని రహదారిపై రద్దీ తప్పించుకొను బరువు లారీలకు ఇది అడ్డదారి యైనచో కట్ట క్రుంగును, గాడులు పడును. బడికి పోవు బాలికకు సైకిలుపై నిర్భయముగా పోగల దారి లేకుండ పోవును. క్రుంగిన కట్టకు గండి పడినచో నష్టము పైరునకును గలదు. కావున బాట రక్షణమును పైరు రక్షణమును ఒక్కటియే. నీటిపారుదల శాఖవారు మరమ్మతులు చేయునపుడు గరుసు పరచుటయు, ఊరి రేవుల కడ మెట్లు కట్టుటయు, పంచాయతీలవారు నీడచెట్లను నరకనీయకుండుటయు కష్టమైన పనులు కావు. ఈ కోరిక ఊరివారి నోటనే రావలెను. ఆ కట్టపై ప్రతిదినము పోవువారు వారే కదా!