తలుపు ప్రక్కన కూర్చునే తల్లులు

ఆరు నెలలుగా ఆమె మందిరమునకు రావడం లేదు. వయసు అరవై దాటింది. స్త్రీల సమాజము కూడిక ఒక్కటీ తప్పని మనిషి. "విశ్వాసము చల్లారింది" అన్నారు కొందరు. "కోడలితో పడటం లేదట" అన్నారు ఇంకొందరు. ఒక బుధవారం సాయంత్రం మేము నలుగురు స్త్రీలము ప్రార్థనకని వారింటికి వెళ్ళాం. ప్రార్థన ముగిసి అందరం లేచాక, మా పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకుని ఆమె మెల్లగా చెప్పింది: "అమ్మగారూ, నాకు ఒంటేలు ఆగటం లేదు. పాట పాడుతూ దగ్గితే చీర తడిసిపోతుంది. ఆ వాసనతో దేవుని సన్నిధిలో ఎట్లా కూర్చోను?"

తిరిగి వచ్చే దారిలో మాలో ఇద్దరం "నాకూ అంతే" అని ఒప్పుకున్నాం. ఎన్నో ఏళ్ళ స్నేహితులం, ఒకరికొకరం చెప్పుకోలేదు! ఆ తల్లి అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాం.

ముట్లు ఆగిపోయిన తరువాత స్త్రీ శరీరములో ఈస్ట్రోజన్ అనే హార్మోను బాగా తగ్గిపోతుంది. దానితో మూత్రద్వారము చుట్టూ ఉండే పొర పలచబడి, ఎండినట్లవుతుంది. మంట పుడుతుంది, చీము దోషము మాటిమాటికీ వస్తుంది. మూత్రసంచిని, గర్భసంచిని క్రింద నుండి ఊయలలా మోసే కండరాలు కాన్పులతోను, ఏళ్ళ తరబడి మోసిన బరువులతోను ముందే సడలి ఉంటాయి. అందుకే కొందరికి దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా చుక్కలు పడతాయి. మరికొందరికి ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వస్తుంది, దొడ్డి చేరేలోపే అయిపోతుంది. రెండూ ఉన్నవారు కూడా ఉన్నారు. ఇది పాపమునకు శిక్ష కాదు, అశుభ్రత కాదు, ముసలితనమునకు తప్పని ఫలమూ కాదు.

మనవాళ్ళు మొదట చేసే పొరపాటు నీళ్ళు మానెయ్యడం. ఆదివారం ఉదయం నుండి గుక్కెడు నీళ్ళు ముట్టని తల్లులు మాకు తెలుసు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, చీము దోషానికీ దారి తీస్తుంది. రోజుకు కనీసం లీటరున్నర, ఎండలో పని చేసేవారు అంతకన్నా ఎక్కువ త్రాగాలి. తగ్గించవలసింది టీ, కాఫీలను. మలబద్ధకము లేకుండా చూసుకోవాలి.

రెండవ పొరపాటు "గర్భసంచి తీయించుకుంటే పోతుంది" అనుకోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువగా కనబడింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే. మూత్రం కారడానికి అది మందు కాదు. అండాశయాలు కూడా తీసేస్తే ఈ బాధలు ముందుగానే మొదలు కావచ్చు.

ఇక మేము నేర్చుకుని చేస్తున్న వ్యాయామము. డాక్టర్ ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లో దీనిని గూర్చి వ్రాశారు. పైసా ఖర్చు లేదు. క్రింది గాలి పోకుండా బిగబట్టినప్పుడు లోనికి, పైకి లాగినట్లయ్యే కండరాలే మనకు కావలసినవి. అయిదు లెక్కించేవరకు బిగించి, అంతసేపూ వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయవద్దు. మరచిపోకుండా మేము దీనిని మూడు పూటల భోజనానికి ముడిపెట్టాం (భోజన ప్రార్థన అయ్యాకే సుమా!). మూడు నెలలు విడువక చేయాలి. వారంలో గుణం కనబడలేదని మానినవారే ఎక్కువ. దగ్గు వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు ఒకసారి బిగిస్తే అప్పటికప్పుడే కొంత ఆగుతుంది.

తొందర ఎక్కువగా ఉన్నవారు వెంటనే పరుగెత్తకండి. కూర్చుని నాలుగైదుసార్లు బిగించి, ఆ ఉధృతం తగ్గాక నెమ్మదిగా వెళ్ళండి. గంటకోసారి వెళ్ళేవారు వారం వారం పావుగంట చొప్పున వ్యవధి పెంచుకోవాలి.

వీటితో తగ్గకపోతే డాక్టరును చూడాలి. మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించాలి. షుగరు అదుపు తప్పినా మాటిమాటికీ వస్తుంది. బి.పి.కి వాడే మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉంటాయి, ఏ వేళ వేసుకోవాలో అడగండి. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము మంటకు, మాటిమాటికీ వచ్చే చీముకు బాగా పనిచేస్తుంది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భసంచి జారినవారికి రింగు అమర్చే పద్ధతి ఉన్నది. మూత్రములో రక్తం పడినా, ముట్లు ఆగిన తరువాత మరల రక్తం కనబడినా, చలిజ్వరంతో మంట ఉన్నా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

మగ డాక్టరుతో ఎలా చెప్పేదని సిగ్గుపడే తల్లులున్నారు. మన ప్రాంతపు స్త్రీల కొరకే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరుకు వచ్చారు, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు పట్నాల్లో లేడీ డాక్టర్లకు కొదువ లేదు. నోరు తెరవడమే మిగిలింది. కోడళ్ళు, కూతుళ్ళు ముందుగా అడిగితే ఆ నోరు త్వరగా తెరుచుకుంటుంది.

సంఘ పెద్దలకు ఒక మాట. మన పల్లె మందిరాల్లో ఎన్నింటికి మరుగుదొడ్డి ఉన్నది? ఉన్నచోట కూడా దాని తాళం ఎవరి జేబులో ఉంటున్నది? మూడు గంటల ఆరాధనలో తల్లులు ఎక్కడికి పోవాలి? మా సంఘములో ఈ ప్రశ్న స్త్రీల సమాజము అడిగింది. మొదట నవ్వారు, తరువాత కట్టించారు. తాళం మా దగ్గరే ఉంచుకున్నాం.

ఆ తల్లి మరల వస్తున్నది. ఇంకా తలుపు ప్రక్కనే కూర్చుంటుంది. నాలుగు నెలలుగా వ్యాయామం చేస్తున్నది, పూర్తిగా తగ్గలేదు, సగానికి పైగా తగ్గిందంటున్నది. పోయిన ఆదివారం పాట ఎత్తింది ఆమే.