మోగని హారన్‌లో తప్పు హారన్‌ది కాదు

పాత బుల్లెట్టుకో జావాకో రంగు వేయించి, క్రోమ్ పూత పట్టించి, అన్నీ అయ్యాక చివర్లో గుర్తొచ్చేది హారన్. కొట్టుకెళ్లి కంటికి నచ్చింది తెచ్చి తగిలిస్తారు. అది మోగదు, మోగినా మూలుగుతుంది. తిట్లన్నీ హారన్‌కే. నిజానికి చాలాసార్లు జబ్బు దాన్ని బిగించిన పట్టీలోనో, దానికి కరెంటు తెచ్చే వైరులోనో ఉంటుంది.

★ తొలినాళ్ల మోటార్ సైకిళ్లలో చాలావాటికి బ్యాటరీయే లేదు. దీపం కార్బైడ్ గ్యాసుతో వెలిగేది, హారన్ చేత్తో మోగేది. రబ్బరు బుడ్డి నొక్కితే గాలి లోపలున్న పల్చని ఇత్తడి నాలుకను ఆడిస్తుంది. బూర ఆ చప్పుడును పెద్దది చేస్తుంది. పాత బూర పలకడం లేదని పారేయకండి. నాలుక ఉన్న ముక్క విప్పి దుమ్ము దులిపితే చాలాసార్లు గొంతు తిరిగొస్తుంది.

★ పాత ఇంగ్లీషు సినిమాల్లో ‘ఆవూగా’ అని అరిచే హారన్ పేరు క్లాక్సన్. దాని వెనకున్న అమెరికన్ ఇంజనీరు మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందు చేసిన వస్తువేమిటో తెలుసా? వినికిడి యంత్రం! ఇంగ్లండు రాణి అలెగ్జాండ్రా కూడా దాన్ని వాడింది. మొదటిదానికి గిరాకీ పెంచడానికే రెండోది కనిపెట్టాడని అప్పట్లో జోకు. క్లాక్సన్‌లో పళ్ల చక్రం తిరుగుతూ రేకు పొర నడిమి బొడిపెను వరసగా కొడుతుంది. చక్రం వేగం అందుకునేటప్పుడు స్వరం పైకి లేస్తుంది, మీట వదిలాక నెమ్మదిస్తూ కిందికి జారుతుంది. ఆ సాగదీత రహస్యం అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో విషవాయువు వస్తోందని హెచ్చరించడానికీ దీన్నే మోగించారు.

★ బ్రిటిష్ బళ్ల అభిమానులు వెతుక్కునే హారన్ లూకాస్ ఆల్టెట్. నల్లటి గుండ్రని బాడీ, చుట్టూ మెరిసే అంచు. 1930ల నుంచి బీఎస్ఏ, ట్రయంఫ్, నార్టన్ లాంటి బళ్ల మీద కనిపించేది. దీని నకళ్లు ఇప్పుడు మన దేశంలోనే తయారై విదేశాలకూ వెళ్తున్నాయి. పాత బండికి జంట క్రోమ్ బాకాలు తగిలించేవాళ్లను చూస్తే నాకు మాత్రం పంచె మీద కోటు టై కట్టినట్టే ఉంటుంది.

★ ఆరు వోల్టుల బండికి పన్నెండు వోల్టుల హారన్ పెడితే గొంతు పెగలదు. పన్నెండు వోల్టుల బండికి ఆరుది పెడితే కాసేపు చెవులు చిల్లులు పడేలా అరిచి, ఆనక కాలిపోతుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది వైరు సంగతి. 24 వాట్ల హారన్ ఆరు వోల్టుల మీద 4 ఆంపియర్లు లాగుతుంది, పన్నెండు మీదైతే 2 చాలు. తుప్పు పట్టిన కనెక్షన్ల వల్ల దారిలో 0.1 ఓం అడ్డుపడిందనుకోండి. ఆరు వోల్టుల బండిలో 0.4 వోల్టు, అంటే దాదాపు 7 శాతం, దారిలోనే పోతుంది. పన్నెండులో పోయేది 2 శాతం లోపే. అందుకే పాత బండికి కొత్త హారన్ కంటే ముందు లావు వైరు కొనాలి.

★ చాలా పాత బళ్లలో హారన్ బటన్ చేసే పని ఎర్త్ కలపడం మాత్రమే. ఆ ఎర్త్ హ్యాండిల్ ఇనుము గుండా వెళ్తుంది. హ్యాండిల్‌కూ క్లాంపులకూ పౌడర్ కోటింగ్ చేయించారా, ఆ దారి మూసుకుపోయినట్టే. ముస్తాబయ్యాక హారన్ మూగబోయిందంటే మొదట అనుమానించాల్సింది పెయింటునే. బటన్ క్లాంపు కింద, బయటికి కనబడని చోట, కాస్త రంగు గీకితే సరి.

★ పాత బ్రిటిష్ బళ్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివే ఎర్త్. హారన్‌కు భయం లేదు. పాయింట్లతో పనిచేసే పాతకాలం విద్యుదయస్కాంతానికి కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే. ఎలక్ట్రానిక్ హారన్‌కు మాత్రం ఆ పట్టింపు ఉంటుంది.

★ ఇక బిగింపు. హారన్ మోగేటప్పుడు లోపలి రేకు ఒక్కటే కాదు, బాడీ కూడా అదురుతుంది. అందుకే చాలా హారన్లకు పల్చని ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన, కమాన్ల లాంటి బ్రాకెట్టు ఇస్తారు. అది ‘బలహీనంగా’ ఉందని లావు పట్టీ వేసి ఫ్రేముకు బిర్రుగా బిగించే మెకానిక్కులున్నారు. దాంతో స్వరం మారిపోతుంది, ఒక్కోసారి సగం చచ్చిపోతుంది. హారన్ అంచు మడ్‌గార్డుకో టూల్‌బాక్సుకో తగిలినా జర్రుమంటుంది. చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉంచి, నట్టు కింద స్ప్రింగ్ వాషర్ వేయాలి. సింగిల్ సిలిండర్ ఇంజన్ అదురుకు వదులు కాని నట్టు లేదు. బాకా హారనైతే మూతి కొంచెం కిందికి వంచాలి, లేకపోతే వాననీళ్లు నిలుస్తాయి. ముందు ఫోర్కుకు తగిలిస్తే హ్యాండిల్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి, వైరు నలగడం లేదని చూసుకోవాలి.

★ హారన్ వెనకున్న చిన్న స్క్రూ శబ్దాన్ని సరిచేయడానికే. తిప్పేటప్పుడు రవ్వంతే తిప్పాలి, ప్రతిసారీ నొక్కి వినాలి. నడిమధ్య నట్టు జోలికి మాత్రం వెళ్లకూడదు.

★ రకరకాల స్వరాలు వరసగా పలికే హారన్ 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కుదరదు. అనవసరంగా మోగిస్తే మొదటిసారి రూ.1,000, తర్వాత రూ.2,000 జరిమానా. ఇక 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నుంచి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్లొచ్చు. ఇంత కష్టపడి అమర్చిన హారన్ ఎక్కువగా మోగేది పెట్రోలు బంకు దారిలోనే అన్నమాట.