వేలిముద్ర యంత్రం, యాంటీవైరస్: తగాదా ఎక్కడ వస్తుంది?

విద్యార్థులారా! ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం వంటి పరికరాలు కంప్యూటర్‌తో కలిసి పనిచేయడానికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ అవసరమని ఇదివరకే చదివారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను యాంటీవైరస్ అనుమానించి ఆపివేస్తే ఏం జరుగుతుందో, దాన్ని ఎలా గుర్తించాలో ఇప్పుడు తెలుసుకుందాం.

ఉదాహరణకు మీరు భద్రాచలంలో ఒక సేవా కేంద్రం నడుపుతున్నారనుకోండి. చర్ల వైపు గూడెం నుంచి ఒక పెద్దావిడ తన ఖాతాలో పడిన ఉపాధి హామీ కూలి తీసుకోవడానికి వచ్చింది. మూడుసార్లు వేలు పెట్టించారు. మూడుసార్లూ తెరమీద ఎర్ర అక్షరాలే వచ్చాయి. "వేలు పడట్లేదమ్మా, రేపు రా" అని పంపేశారు. ఆమెకు బస్సు చార్జీతో పాటు ఒక రోజు పని కూడా పోయింది. అసలు సంగతి ఏమిటంటే, ఆమె వేలిముద్ర ఆధార్ సర్వర్ వరకు వెళ్లనే లేదు. రాత్రి అప్‌డేట్ అయిన యాంటీవైరస్ దాన్ని కంప్యూటర్‌లోనే ఆపేసింది. తునికాకు కోసి, కట్టలు కట్టి వేళ్లు అరిగిపోయినవారు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో తప్పును వేలి మీదికి నెట్టడం చాలా సులువు.

అనుమానం ఎందుకు వస్తుంది?

ఆధార్ కోసం వాడే వేలిముద్ర యంత్రం రిజిస్టర్డ్ డివైస్ అయి ఉండాలి. 2017లో తెచ్చిన నిబంధన ఇది. ఒకసారి తీసిన ముద్రను దాచి మళ్లీ వాడే మోసాన్ని అరికట్టడం దీని ఉద్దేశం. ఇందుకోసం కంప్యూటర్‌లో ఆర్‌డి సర్వీస్ అనే ప్రోగ్రాం ఎప్పుడూ తెర వెనుక నడుస్తూ ఉంటుంది. బ్యాంకు పేజీ ఈ ప్రోగ్రాంను 127.0.0.1 అనే చిరునామాలో, 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టులలో వెతుకుతుంది. 127.0.0.1 అంటే ఆ కంప్యూటర్ తనకు తానే చిరునామా అన్నమాట. ప్రోగ్రాం దొరికాక ముద్ర తీయమని అడుగుతుంది. ముద్రను రహస్య సంకేతాలలోకి మార్చి ఆర్‌డి సర్వీస్ తిరిగి ఇస్తుంది.

ఇప్పుడు యాంటీవైరస్ వైపు నుంచి చూడండి. ఒక ప్రోగ్రాం తెర వెనుక నడుస్తోంది, పోర్టు తెరిచి కూర్చుంది, ఎవరికీ అర్థం కాని సంకేతాలలో సమాచారం పంపుతోంది. గూఢచారి ప్రోగ్రాంలు చేసే పని కూడా ఇదే కదా! తెలుగు టైపింగ్ కోసం కీబోర్డు నొక్కులను పట్టుకునే కొన్ని ప్రోగ్రాంలపై అనుమానం రావడానికీ కారణం ఇటువంటిదే. యాంటీవైరస్ పొరపాటు పడటం అరుదేమీ కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన సిస్టం ఫైలునే వైరస్‌గా భావించడంతో ఎన్నో దేశాల్లో కంప్యూటర్లు పనిచేయకుండా పోయాయి.

సంఖ్యను చదవండి

ఎర్ర అక్షరాల పక్కన ఉండే సంఖ్యను చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ఉపయోగపడేది అదే. 300 వస్తే ముద్ర ఆధార్ సర్వర్ వరకు వెళ్లింది, అక్కడి వివరాలతో సరిపోలలేదు. అప్పుడు మాత్రమే వేలి గురించి ఆలోచించాలి. 720 అంటే పరికరం సిద్ధంగా లేదని అర్థం. 710 అంటే మరో ప్రోగ్రాం దాన్ని వాడుతోందని. ఈ రెండింటికీ వచ్చినవారి వేలితో ఏ సంబంధమూ లేదు. ఆర్‌డి సర్వీస్ అసలే దొరకలేదని పేజీ చెప్పినా అంతే.

720 వచ్చినంత మాత్రాన యాంటీవైరస్‌దే తప్పని తేల్చకండి. ముందు తీగ తీసి మరో యూఎస్‌బి పోర్టులో పెట్టండి. డివైస్ మేనేజర్‌లో పరికరం పేరు పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే డ్రైవర్ సమస్య. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్లను లోడ్ కానివ్వదు, అటువంటప్పుడు తయారీ సంస్థ ఇచ్చే కొత్త డ్రైవర్ వేయాలి. పసుపు గుర్తు లేకపోతే సర్వీసెస్ జాబితాలో ఆర్‌డి సర్వీస్ నడుస్తోందో లేదో చూడండి. ఆగిపోయి ఉంటే యాంటీవైరస్‌లోని హిస్టరీ, క్వారంటైన్ పేజీలు తెరవండి. ఆ ప్రోగ్రాం ఫైలు అక్కడ కనిపిస్తే దోషి దొరికినట్లే.

అయితే వెంటనే రిస్టోర్ నొక్కకూడదు. అది నిజంగా తయారీ సంస్థ ఫైలేనా? ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన డ్రైవర్ అయితే యాంటీవైరస్ మాటే నిజం కావచ్చు. అనుమానం ఉంటే పాతదాన్ని తొలగించి, తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి కొత్తది దింపుకోండి. ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అన్న చోట ఆ సంస్థ పేరు ఉండాలి. అది సరిగ్గా ఉన్నాకే ఎక్స్‌క్లూజన్స్‌లో చేర్చండి. అదీ ఆ ఒక్క ప్రోగ్రాంనే. సి డ్రైవ్ మొత్తాన్నో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో చేర్చితే ఇంటికి తాళం వేసి గోడ కూల్చినట్లవుతుంది.

యాంటీవైరస్‌ను పూర్తిగా తీసేసి పని కానిచ్చే కేంద్రాలూ ఉన్నాయి. పది మంది డబ్బు తీసుకునే యంత్రంపై అలా చేయడం తప్పు. పరీక్ష కోసం రెండు మూడు నిమిషాలు ఆపి, పరికరం పని చేసిందో లేదో చూసి, మళ్లీ ఆన్ చేయండి. ఆ కాసేపట్లో ఎవరి ఖాతా లావాదేవీ చేయవద్దు. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తొలగించండి. ఒకే ఫైలు కోసం రెండూ పోటీ పడితే మధ్యలో నలిగేది మీ పరికరమే.

ఇన్ని చూశాక కూడా తెరమీద 300 వస్తే, వేలు తడిగుడ్డతో తుడిపించి, ఆరనిచ్చి, మరో వేలితో ప్రయత్నించండి. ఏ వేలూ కలవకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాప కొత్తగా నమోదు చేయించుకోవచ్చని ఆమెకు చెప్పండి. అంతవరకు ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో డబ్బు తీసుకునే దారి ఉంది. ఆ చీటీ మీదే సంఖ్య, తేదీ రాసి ఆమె చేతికివ్వండి.