మల్టీకాస్ట్ పరీక్ష ఒక్క ల్యాప్‌టాప్‌తో తేలదు

గోదావరిఖని, సెంటినరీ కాలనీ ప్రాంతాల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో చాలామంది ఇళ్లలో తండ్రో తాతో బొగ్గు బాయి పని చేసినవాళ్లే. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అనగానే వాళ్ల మనసు గని భద్రత మీదికి పోవడం సహజం. సెన్సర్ మీథేన్ కొలుస్తుంది, పైథాన్ ప్రోగ్రాం ఆ అంకెను మల్టీకాస్ట్‌లో పంపుతుంది, వినాల్సిన కంప్యూటర్లన్నీ ఒకేసారి వింటాయి. ఆలోచన మంచిదే. అయితే గనిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు ఆపేయాలన్నది నిబంధన. అంత ముఖ్యమైన కొలతను పంపేటప్పుడు ఈ కింది అపోహలు పనికిరావు.

అపోహ: మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్ రెండూ ఒకటే.

వాస్తవం: షిఫ్ట్ సైరన్ మోగితే డ్యూటీ ఉన్నా లేకున్నా అందరికీ వినపడుతుంది. బ్రాడ్‌కాస్ట్ అలాంటిది. మల్టీకాస్ట్ మాత్రం గ్రూపులో చేరినవాళ్ల కోసం. దీనికి పునాది 1989లో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1112. ఐపీవీ4లో 224.0.0.0 నుంచి 239.255.255.255 దాకా చిరునామాలు ఇందుకే కేటాయించారు. సొంత నెట్‌వర్క్‌లో ప్రయోగాలకు 239తో మొదలయ్యేవి తీసుకోండి. చవక స్విచ్‌లు మాత్రం ఈ తేడా పట్టించుకోకుండా అన్ని పోర్టులకూ పంపేస్తాయి.

అపోహ: ప్రత్యేక మాడ్యూల్ కావాలి, పంపేవాడు కూడా గ్రూపులో చేరాలి.

వాస్తవం: రెండూ అక్కర్లేదు. పైథాన్‌తో వచ్చే సాకెట్, స్ట్రక్ట్ మాడ్యూళ్లు చాలు. చేరాల్సింది వినేవాడే.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో రెండు టెర్మినళ్లు తెరిచి చూశాను, పనిచేసింది. టెస్టింగ్ అయిపోయింది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఇదే. మల్టీకాస్ట్ లూప్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అంటే పంపిన సందేశం కేబుల్ దాకా పోకపోయినా అదే యంత్రంలో వినే ప్రోగ్రాంకు చేరుతుంది. వైఫై, కేబుల్, వర్చువల్ మెషీన్ అడాప్టర్ మూడూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏ దారిన పంపాలో మీరు చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమే ఎంచుకుంటుంది, అది తప్పుడు దారి కావచ్చు. కాబట్టి పంపేటప్పుడూ చేరేటప్పుడూ ఇంటర్‌ఫేస్ చిరునామా స్పష్టంగా ఇవ్వండి.

రెండు యంత్రాల మధ్య స్విచ్ పెట్టి పరీక్షించినా రెండు నిమిషాలకే ఆపకండి. ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో పట్టిక రాసుకుంటుంది. ‘ఇంకా ఉన్నారా’ అని మధ్యమధ్య అడిగే క్వెరియర్ నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ పేర్లు గడువు తీరి పట్టికలోంచి చెరిగిపోతాయి. ప్రమాణం ప్రకారం సాధారణ గడువు 260 సెకన్లు. నాలుగు నిమిషాలు చక్కగా వచ్చిన కొలతలు ఆ తర్వాత ఏ ఎర్రర్ మెసేజీ లేకుండా ఆగిపోతాయి. డెమో అప్పటికే ముగిసిపోతుంది గనుక ఎవరికీ తెలియదు. కనీసం అరగంట నడిపి చూడండి.

అపోహ: సెండ్‌టూ ఎర్రర్ ఇవ్వలేదంటే సందేశం అందినట్టే.

వాస్తవం: ఆ ఫంక్షన్ తిరిగి ఇచ్చే అంకె ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎన్ని బైట్లు అప్పజెప్పామో చెబుతుంది, అంతే. మల్టీకాస్ట్ నడిచేది యూడీపీ మీద, అందినట్టు రసీదు ఉండదు. వైఫైలో గ్రూపు సందేశం దారిలో పోతే యాక్సెస్ పాయింట్ మళ్లీ పంపదు కూడా. అందుకని ప్రతి సందేశానికీ వరస సంఖ్య వేయండి. వినే చోట ఏ సంఖ్యలు రాలేదో లెక్కపెట్టండి. గ్యాస్ లేకపోయినా సెన్సర్ క్రమం తప్పకుండా ‘ఉన్నాను’ అని చెప్పాలి. అది ఆగిందంటే అంతా బాగుందని కాదు, ప్రమాదం కింద లెక్కగట్టి అలారం మోగించాలి. ప్రాజెక్టు మొత్తంలో నేను ముందుగా చూసేది ఈ ఒక్క నిర్ణయాన్నే.

అపోహ: టీటీఎల్ పెంచితే గోదావరిఖనిలో పంపింది కొత్తగూడెంలోని సింగరేణి హెడ్డాఫీసులో వినపడుతుంది.

వాస్తవం: సందేశం ఎన్ని రౌటర్ల దాకా పోవచ్చో చెప్పే అంకె టీటీఎల్. మల్టీకాస్ట్‌కు అది మొదట 1గా ఉంటుంది, అంటే సందేశం రౌటర్ దాటదు. దాన్ని 32 చేసినా దారిలోని ప్రతి రౌటర్‌లో మల్టీకాస్ట్ రౌటింగ్ ఉండాలి. మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ దీన్ని మోయదు. దూరానికి టీసీపీ మీద నడిచే ఎంక్యూటీటీ లాంటిది వాడండి.

అపోహ: గ్రూపు చిరునామా మనకే తెలుసు కాబట్టి భద్రమే.

వాస్తవం: అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా చేరి వినవచ్చు, దొంగ కొలత పంపవచ్చు. హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌తో ప్రతి సందేశానికీ సంతకం జోడించండి. వచ్చిన డేటాను పైథాన్ పికిల్ మాడ్యూల్‌తో విప్పకండి, దాంతో అవతలివాడి కోడ్ మీ యంత్రంలో నడిచే ప్రమాదముంది.

ఇవన్నీ నెగ్గినా అది ల్యాబ్ నమూనాయే. గ్యాస్ ఉండే గనిలో వాడే విద్యుత్ పరికరాలకు గని భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఆమోదం తప్పనిసరి, మామూలు ల్యాప్‌టాప్‌ను కిందికి తీసుకుపోకూడదు. మీ రిపోర్టులో ‘విజయవంతంగా పరీక్షించాం’ అన్న వాక్యం తీసేసి, ఎన్ని పంపారో, ఎన్ని అందాయో, ఎంతసేపు నడిపారో, మధ్యలో ఏ స్విచ్ ఉందో రాయండి.