మాట పడిపోయినా మనసు పలుకుతుంది

పక్షవాతం వస్తే కొందరికి కాలూ చెయ్యీ పడిపోతాయి. కొందరికి మాట కూడా పడిపోతుంది. నిన్నటిదాకా ఇంటిల్లిపాదినీ కేకేసి పిలిచిన మనిషి ఈరోజు మంచం మీద నుంచి ఊరికే చూస్తూ ఉంటుంది. దాహమేస్తే చెప్పలేదు. నొప్పి పుడితే చెప్పలేదు.

ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారు? "ఆమెకేం తెలీదులే" అనుకుంటారు. ఆమె ఎదుటే ఆమె గురించి మాట్లాడుకుంటారు. పొలం అమ్మాలన్నా, పడవ అమ్మాలన్నా ఆమెను అడగరు.

కానీ మాట పోతే తెలివి పోయినట్టు కాదు. చాలామందికి లోపల అంతా తెలుస్తూనే ఉంటుంది. చెప్పే దారి మూసుకుపోయింది, అంతే.

ఆ దారి తెరిచే యంత్రాలను శాస్త్రవేత్తలు తయారు చేస్తున్నారు. మనిషి చెప్పాలనుకున్న మాటను మెదడు దగ్గరే పట్టుకుంటాయి ఆ యంత్రాలు. దాన్ని తెర మీద అక్షరాలుగా చూపిస్తాయి. వింటే సోది చెప్పినట్టు ఉంటుంది. ఇది సోది కాదు, మంత్రం కాదు. ఎలా జరుగుతుందో తెలుసుకుందాం.

మాట ఎక్కడ పుడుతుంది?

మాట నోట్లో పుట్టదు. మెదడులో పుడుతుంది. మన మెదడు కిలోన్నర కన్నా కొంచెం తక్కువ బరువు ఉంటుంది. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబురు సన్నటి కరెంటులాగా నడుస్తుంది. అది షాకు కొట్టేంత కరెంటు కాదు. చాలా చాలా తక్కువ.

"అమ్మ" అని ఒకసారి అని చూడండి. ముందు నోరు తెరుచుకుంది. తర్వాత పెదవులు కలిశాయి. గొంతు మోగింది. ఇవన్నీ వాటంతట అవి కదలలేదు. మెదడు చెప్పింది, నరాలు ఆ కబురును మోసుకొచ్చాయి, పెదవులు కదిలాయి.

రొయ్యల గుంట గట్టు మీద మోటారు ఆగిపోయింది అనుకోండి. మోటారు బాగానే ఉంది. స్తంభం దగ్గర కరెంటు ఉంది. మధ్యలో తీగ తెగింది. కొన్ని జబ్బుల్లో మనిషికి జరిగేది ఇదే. మెదడులో మాట ఉంది. నోరు ఉంది. మధ్య దారి తెగింది. అప్పుడు స్తంభం దగ్గరే ఇంకో తీగ కలిపితే? ఈ యంత్రం చేసే పని అదే.

బయట నుంచి వింటే హోరు, లోపలికి పోతే మాట

మెదడులో కరెంటు నడుస్తుందని తెలిసి చాలా ఏళ్లయింది. 1924లో జర్మనీ దేశపు డాక్టరు హాన్స్ బెర్గర్ మనిషి తలకు తీగలు పెట్టి ఆ కరెంటును గీతలుగా తీశాడు. ఇప్పుడు ఫిట్స్ వచ్చినవారికి పెద్దాసుపత్రిలో తల మీద తీగలు అంటించి చేసే పరీక్ష అదే.

కానీ తల బయట నుంచి వింటే అంతా కలగాపులగంగా ఉంటుంది. ఎందుకు? నెల్లూరులో రొట్టెల పండుగ జరుగుతుంది గదా. స్వర్ణాల చెరువుకు దూరంగా నిలబడితే ఏం వినిపిస్తుంది? జనం హోరు ఒక్కటే. లోపలికి పోయి పక్కన నిలబడితేనే ఎవరు ఏ రొట్టె అడుగుతున్నారో తెలుస్తుంది. మెదడు కూడా అంతే.

హోరు విని కూడా కొన్ని సంగతులు పట్టుకోవచ్చు. రాజేశ్ రావు గారు హైదరాబాదులో బడి చదువు చదివారు. తర్వాత అమెరికాలో సియాటెల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 2013 ఆగస్టు 12న ఆయన తలకు తీగల టోపీ పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా కంప్యూటరులో ఒక ఆట. ఆటలో ఫిరంగి పేల్చాలి. ఆయన చెయ్యి కదపలేదు. కుడి చెయ్యి కదుపుతున్నట్టు మనసులో అనుకున్నారు. టోపీ ఆ కబురును పట్టుకుంది. కంప్యూటరు దాన్ని అదే విశ్వవిద్యాలయంలో ఇంకో చోట ఉన్న ఆండ్రియా స్టోకో అనే శాస్త్రవేత్తకు పంపింది. ఆయన తల మీద అయస్కాంతపు చుట్ట ఉంది. అది మెదడును తట్టింది. ఆయన వేలు కదిలి మీట నొక్కింది. ఒకరు అనుకున్నారు, ఇంకొకరి వేలు కదిలింది!

అయితే ఇది "పేల్చు" అనే ఒక్క కబురు మాత్రమే. పూర్తి మాటలు పట్టుకోవాలంటే లోపలికి పోవాలి. అందుకే డాక్టర్లు తలకు ఆపరేషను చేసి, మెదడు పైపొరలో సన్నటి ముళ్ల పలకలు పెడతారు. ఒక్కో పలక మాత్రబిళ్ల కన్నా చిన్నది.

చెయ్యి కదలకుండా రాసిన మనిషి

చదువుల బడికి పోయిన మొదటి రోజులు గుర్తున్నాయా? "అ" దిద్ది దిద్ది వేళ్లు నొప్పి పుట్టాయి. పదిసార్లు దిద్దాక చెయ్యి దానంతట అది తిరిగింది. నిజానికి నేర్చుకున్నది చెయ్యి ఒక్కటే కాదు. మెదడు కూడా.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2021లో ఒక సంగతి బయటపెట్టారు. వెన్నుపాము దెబ్బతిని ఒకాయనకు కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఎన్నో ఏళ్లు గడిచాయి. ఆయన మెదడులో రెండు పలకలు పెట్టారు. "కాగితం మీద రాస్తున్నట్టు అనుకోండి" అన్నారు. ఆయన ఒక్కొక్క అక్షరం మనసులో రాశాడు. చెయ్యి కదల్లేదు. కానీ తెర మీద అక్షరాలు పడ్డాయి. నిమిషానికి 90 అక్షరాలు! చెయ్యి పడిపోయినా మెదడు రాతను మరచిపోలేదు.

మాటను కూడా ఇలాగే పట్టుకున్నారు. అమెరికాలోని డేవిస్ ఊరి విశ్వవిద్యాలయం వారు 2024లో ఈ కబురు చెప్పారు. నరాల జబ్బుతో ఒకాయన మాట ఎవరికీ అర్థం కాకుండా పోయింది. ఆయన మెదడులో నాలుగు పలకలు పెట్టారు. వాటికి మొత్తం 256 ముళ్లు. ఆయన మాట్లాడాలని ప్రయత్నిస్తే యంత్రం ఆ మాటలను తెర మీద రాసింది. తర్వాత ఆయన పాత గొంతులాంటి గొంతుతోనే చదివి వినిపించింది. నూరు మాటల్లో 97 మాటలు సరిగ్గా వచ్చాయి.

యంత్రానికి ఎవరు నేర్పారు?

ముళ్లు పట్టుకునేది గీతలను. గీతల నుంచి మాటలు తీసేది కృత్రిమ మేధ. దాన్నే ఏఐ అంటున్నారు. అంటే లెక్కలతో నేర్చుకునే కంప్యూటరు. దానికి సొంతంగా తెలివి పుట్టలేదు. మనుషులు నేర్పితే నేర్చుకుంటుంది.

ముందు తెర మీద ఒక వాక్యం చూపిస్తారు. రోగి దాన్ని పలకడానికి ప్రయత్నిస్తాడు. "ఈ మాటకు ఈ గీత" అని యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. ఇలా వందల వాక్యాలు. పసిబిడ్డ వచ్చీరాని మాటలు తల్లికి అర్థమవుతాయి, పక్కింటివాళ్లకు అర్థం కావు. తల్లి రోజూ వింటుంది కాబట్టి ఆమెకు తెలిసింది. యంత్రం కూడా అంతే. ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది ఇంకో మనిషికి పనికిరాదు. మళ్లీ నేర్పాలి.

ఏఐ ఇంకో పని చేస్తుంది. తర్వాత రాబోయే మాటను ఊహిస్తుంది. "నెల్లూరు చేపల పులుసులో మామిడి..." అనగానే మీరేమంటారు? "కాయ" అంటారు. మీరు ఎన్నోసార్లు విన్నారు, అందుకే ఊహించగలిగారు. ఏఐ కోట్ల వాక్యాలు చదివి ఇలా ఊహిస్తుంది.

ఊహ తప్పు కూడా కావచ్చు. ఆరోజు పులుసులో మామిడికాయ వెయ్యలేదేమో! అందుకే తెర మీద పడిన మాట సరైనదో కాదో చెప్పవలసింది రోగే. "ఇదే నా మాట" అని ఆ మనిషి ఒప్పుకుంటేనే అది ఆ మనిషి మాట. లేకపోతే అది యంత్రం మాట.

మనసులో ఉన్నదంతా చదివేస్తుందా?

ఈ భయం అందరికీ కలుగుతుంది. అత్త మీద కోపం, దాచుకున్న డబ్బు, ఎవరికీ చెప్పని దిగులు – అన్నీ బయటపడతాయా?

పైన చెప్పిన యంత్రాలు అలా చదవవు. చెప్పాలని ప్రయత్నం చేసిన మాటనే పట్టుకుంటాయి. 2023లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వారు ఆపరేషను లేకుండా, పెద్ద స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి ఇంకో పరీక్ష చేశారు. దానికి ముందు ఒక్కొక్కరు 16 గంటలు కథలు వినవలసి వచ్చింది. అప్పుడు కూడా మాటకు మాట రాలేదు, భావం మాత్రం వచ్చింది. ఆ మనిషి ఒప్పుకోక మనసులో వేరే లెక్కలు వేసుకుంటే యంత్రానికి ఏమీ దొరకలేదు.

కానీ జాగ్రత్త పడవలసిన సంగతి కూడా ఉంది. 2025లో స్టాన్‌ఫర్డ్ వారు పలికే ప్రయత్నం లేకుండా, మనసులో అనుకున్న మాటను కూడా కొంతవరకు పట్టుకున్నారు. మనసులో లెక్కపెట్టుకుంటున్న అంకెలు కూడా కొన్ని దొరికాయి. అందుకని ఒక తాళం పెట్టి చూశారు. రోగి మనసులో ఒక గుర్తుమాట అనుకుంటేనే యంత్రం తెరుచుకుంటుంది. అనుకోకపోతే వినదు. తాళంచెవి మనిషి దగ్గరే ఉంటుందన్నమాట.

చట్టం కూడా తోడుండాలి. 2010 మే 5న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మనిషి ఒప్పుకోకుండా మత్తుమందు ఇచ్చి మాటలు రాబట్టకూడదు. అబద్ధాలు పట్టే యంత్రం పెట్టకూడదు. మెదడు పరీక్ష చేసి నిజాలు తీయకూడదు. పోలీసులైనా సరే! చిలీ అనే దేశం 2021లో మెదడులోని సంగతులకు రక్షణ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకుంది.

ఈ యంత్రాలు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. ఆపరేషను చేయించుకున్నవారు కొద్దిమందే. పక్షవాతం మెదడులో మాటలు కూర్చే చోటునే దెబ్బతీస్తే, ఇలాంటి యంత్రంతో పని జరగడం కష్టం. కాబట్టి ఎవరైనా వచ్చి "ఈ టోపీ పెడితే మీ అమ్మ మాట్లాడుతుంది, డబ్బు కట్టండి" అంటే నమ్మకండి.

మన చేతిలో ఉన్న యంత్రం

1988లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేశారు. తెర మీద అక్షరాలను ఆరు వరసలుగా పేర్చారు. వరసలు ఒక్కొక్కటి మెరుస్తాయి. కావలసిన అక్షరం మెరిసినప్పుడు మెదడు గీత ఎగిరిపడుతుంది. అలా ఒక్కొక్క అక్షరం పట్టుకున్నారు.

ఈ ఉపాయానికి మనకు కంప్యూటరు అక్కర్లేదు. ఒక అట్ట చాలు. దాని మీద అచ్చులు ఒక వరస రాయండి. క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస, య వరస రాయండి. వరసలు మన పలకలో ఎప్పుడూ ఉన్నవే గదా! ముందు తెలిసిన ప్రశ్న అడగండి. "అవునంటే కళ్లు మూసి తెరువు" అని చెప్పండి. అవును, కాదు స్పష్టంగా తెలిశాక అట్ట తీయండి.

కోడలు వేలు పెట్టి చూపిస్తూ అడుగుతుంది.

"క వరసా అత్తా? చ వరసా? ట వరసా? త వరసా?"

అత్త కళ్లు మూసి తెరుస్తుంది.

"త? థ? ద? ధ? న?"

మళ్లీ కళ్లు మూసి తెరుస్తుంది.

"న... నీళ్లు కావాల్నా అత్తా?"

అత్త కళ్లు మూయదు. నీళ్లు కాదు.

"నొప్పా?"

కళ్లు మూసి తెరుస్తుంది. నొప్పే!

నీళ్లని కోడలే తేల్చేసి ఉంటే అత్త నొప్పి ఎవరికీ తెలిసేది కాదు. ఊహించండి, కానీ అడగండి. అత్తకు చదువు రాకపోతే అక్షరాల బదులు బొమ్మలు వేయండి. నీళ్ల చెంబు, అన్నం పళ్లెం, మందు బిళ్ల, ఫ్యాను, దుప్పటి.

మనసులో మాట బయటికి వస్తే ఎంత బలమో ఈ జిల్లాకు తెలుసు. 1992లో దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో పాఠం చదివి, తమ ఊరి సారా మీద నోరు విప్పారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నోరు విప్పలేని మనిషికి కూడా చెప్పవలసిన మాట ఉంటుంది. చదువు వచ్చినవారు పక్కన కూర్చుంటే అది బయటికి వస్తుంది.

గుర్తు పెట్టుకోండి: ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. పసరు మందులని ఆలస్యం చేయకండి. వెంటనే 108కి ఫోను చేయండి. రక్తం గడ్డ కరిగించే మందు పనిచేయాలంటే నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. అది కూడా డాక్టరు పరీక్ష చేసి చూసిన తర్వాతే.

మాట్లాడుకోండి

1. మీ వీధిలో మాట పడిపోయిన వారున్నారా? వారితో ఇంట్లో వాళ్లు ఎలా మాట్లాడుతున్నారు?

2. యంత్రం చెప్పిన మాట సరైనదని ఎవరు చెప్పాలి? ఎందుకు?

3. మీరు ఒక అట్ట తయారు చేస్తే దాని మీద ఏ బొమ్మలు వేస్తారు?